సుల్తానియా: ఇల్‌ఖాన్‌ల గుమ్మటం కింద

ఇరాన్‌లో మంగోలుల ఆనవాళ్లంటే అందరూ తబ్రీజ్ పేరే చెబుతారు. నన్నడిగితే ముందు వాళ్ల రాజధాని సుల్తానియా. తబ్రీజ్‌లో వాళ్ల వజీరు రషీదుద్దీన్ కట్టించిన విద్యాపేట రబ్-ఎ-రషీదీ దగ్గర చూసేదానికన్నా ఊహించుకునేదే ఎక్కువ. ఇక్కడ మాత్రం 1302–1312 మధ్య లేచిన ఇల్‌ఖాన్ (ఇరాన్‌ను ఏలిన మంగోలు రాజు) ఓల్జైతూ సమాధి నిలువెత్తున ఉంది.

టెహ్రాన్ నుంచి జంజాన్ వెళ్లే బస్సులు ఈ పక్కనుంచే పోతాయి. కానీ హైవే మీద దిగితే ఊళ్లోకి బండి దొరకడం కష్టం. అందుకే మేం జంజాన్ దాకా పోయి, రానూపోనూ టాక్సీ మాట్లాడుకున్నాం. బేరమంతా తోమాన్లలో జరుగుతుంది, నోటు మీదేమో రియాళ్లుంటాయి. పది రియాళ్లు ఒక తోమాన్. ఈ లెక్క తప్పితే పదింతలు తేడా వస్తుంది. మన బ్యాంకు కార్డులు పనిచేయవు, నగదు దగ్గరుండాలి.

దారిలో కనిపించేదంతా పచ్చిక బయలే. రాజధాని ఇక్కడెందుకంటే జవాబూ అదే. ఇల్‌ఖాన్‌లు వేసవిలో గుర్రాలతో, గుడారాలతో ఈ మేతభూములకు వచ్చేవారు. అర్ఘూన్ మొదలుపెట్టిన ఊరిని కొడుకు ఓల్జైతూ పూర్తిచేశాడు. చైనా నుంచి ఈ అర్ఘూన్‌కే పెళ్లికూతుర్ని ఓడలో తీసుకొచ్చిన బృందంలో మార్కోపోలో ఉన్నాడు. మన మోటుపల్లి గురించి రాసిన పోలోనే! వాళ్లు చేరేసరికి అర్ఘూన్ చనిపోయాడు; ఆమెను అతని పెద్దకొడుకు ఘాజాన్ పెళ్లాడాడు.

కట్టడం ఎనిమిది పలకలు, మూలమూలకో మినారు. పైన నీలి పలకలు తాపిన ఇటుక గుమ్మటం ఎత్తు దాదాపు 50 మీటర్లు, వెడల్పు 25 మీటర్ల పైచిలుకు. గుమ్మటం ఒకే పొర కాదు: లోపలొకటి, బయటొకటి. బయట ఆనుడు గోడలు లేకుండానే ఆ బరువంతా కింది మందపాటి గోడల మీదికి దిగుతుంది. లోపల ఏళ్ల తరబడి మరమ్మతుల పరంజా ఉంటూ వచ్చింది; అది ఉంటే గుమ్మటం మొత్తం ఒక్క ఫోటోలో పట్టాలని ఆశపడొద్దు.

కింద ఎక్కువసేపు గడపకుండా మెలికల మెట్లెక్కి పై వసారాకి వెళ్లండి. మెట్లు ఎత్తు, ఇరుకు; పట్టున్న చెప్పులు వేసుకోవాలి. వైపుకి మూడు చొప్పున అక్కడ 24 కమాను కప్పులున్నాయి. గచ్చులో చెక్కి రంగులద్దిన అల్లికలవి. తల పైకెత్తి ఒక్కొక్కటే చూడాలి. హాల్లో గోడల మీద గచ్చు ఊడినచోట లోపల పాత ఇటుక, పలకల పని బయటపడుతుంది. మొదట ఒక అలంకారం పూర్తిచేసి, కొద్ది ఏళ్లకే దాని మీద గచ్చు పూసి మరో అలంకారం చేశారన్నమాట. కారణమేమిటో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే పైదానికన్నా కిందిదే నచ్చింది.

టాక్సీ బేరంలోనే వియార్ ఊరి దగ్గరి దాష్‌కసన్ కూడా కలుపుకోండి. అక్కడ కొండరాతిలో చైనా పద్ధతిలో చెక్కిన రెండు డ్రాగన్లు ఎదురెదురుగా ఉంటాయి. నీడనిచ్చే చెట్టు లేదు, నీళ్లు వెంట తీసుకెళ్లాలి.

1335లో ఓల్జైతూ కొడుకు అబూ సయీద్ వారసుడు లేకుండా చనిపోవడంతో రాజ్యం వేర్వేరు వంశాల కింద ముక్కలైంది: తబ్రీజ్‌లో చోబానీలు, బాగ్దాద్‌లో జలాయిరీలు, యజ్ద్, షీరాజ్ వైపు ముజఫ్ఫరీలు. ఆ ముందు కాలాన్నీ తర్వాతి కాలాన్నీ ఒకేచోట చూడాలంటే ఇస్ఫహాన్ జుమా మసీదుకు వెళ్లండి. 1310 నాటి ఓల్జైతూ మిహ్రాబ్ (ప్రార్థన దిక్కు చూపే గోడ గూడు), ముజఫ్ఫరీల మదర్సా రెండూ ఆ ఒక్క ఆవరణలోనే ఉన్నాయి. మిహ్రాబ్ ఉన్న గది తలుపు వేసి ఉంటే కాపలాదారుని అడగండి.