ట్రావెల్ అవార్డు, అమ్మ చీటీ: నా అనుభవం

వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకలను చూసుకునేవాళ్ళకు ఆదివారం, పండగ ఉండవు. దెబ్బ తగిలాక వాటికి మూత్రం దానంతటది రాదు. ఎలుకను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతి వేళ్ళతో పొత్తికడుపు తడిమితే ద్రాక్షపండంత మూత్రాశయం తగులుతుంది. దాన్ని మెల్లగా తోకవైపు నొక్కి ఖాళీ చేయాలి. పొద్దున, సాయంత్రం తప్పనిసరి. మొదటి రోజుల్లో మధ్యాహ్నం కూడా. ఒక పూట మానేస్తే నిండిపోయి పగలొచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. అందుకే అమెరికాలో జరిగే ఒక న్యూరోట్రామా సదస్సులో నా పోస్టర్‌కి చోటు దొరికిందని మెయిల్ రాగానే మా ల్యాబ్‌లో అందరూ అడిగిన మొదటి మాట, "మరి ఎలుకలు?"

మాది అనంతపురం. బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మెదడు, వెన్నుపాము గాయాల మీద పనిచేసేవాళ్ళు కలిసే ఇలాంటి సదస్సుల్లో పెద్దవాళ్ళు స్టేజీ మీద మాట్లాడతారు, మాలాంటివాళ్ళం మా ఫలితాలు రాసిన పోస్టర్ల పక్కన నిలబడతాం. కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్ళకు ట్రావెల్ అవార్డు అని కొంత సాయం చేస్తారు. అది నాకు వచ్చింది. ఇక్కడ ఒక ప్రభుత్వ గ్రాంటు కూడా మంజూరైంది.

అసలు అప్లై చేయడానికే నాకు మొహమాటం, ఎందుకంటే వెన్నుపాము దెబ్బకు మేం ఎలుకల మీద పరీక్షించిన మందు పనిచేయలేదు. ఎలుకల నడకకు మార్కులు వేయడానికి బీబీబీ స్కేలు అని ఒకటుంది. బాసో, బీటీ, బ్రెస్నహాన్ 1995లో ప్రచురించారు. 0 అంటే వెనక కాళ్ళు కదలడమే లేదు, 21 అంటే మామూలు నడక. ఏ ఎలుక ఏ గుంపుదో తెలియని ఇద్దరు నాలుగు నిమిషాలు దాని నడక చూసి మార్కులు వేస్తారు. మందు ఇచ్చినవాటికీ ఇవ్వనివాటికీ తేడా రాలేదు. "ఇందులో చెప్పడానికి ఏముంది సార్?" అంటే మా గైడ్ క్రాష్ ట్రయల్ గుర్తుచేశారు. తలకు దెబ్బ తగిలితే స్టెరాయిడ్ ఇవ్వడం చాలాచోట్ల ఏళ్ళ తరబడి అలవాటుగా ఉండేది. 10,008 మంది మీద పరీక్షించి 2004లో ఫలితం బయటపెడితే, రెండు వారాల్లోపు చనిపోయినవాళ్ళు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో 21.1 శాతం, తీసుకోనివాళ్ళలో 17.9 శాతం. "పనిచేయలేదని కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదమ్మా, రాయి" అన్నారాయన. రాశాను.

ఇక డబ్బు. అవార్డు, గ్రాంటు, రెండూ చేతికొచ్చేది పని అయిపోయాకే. టికెట్, రిజిస్ట్రేషన్, వీసా ఫీజు, హోటల్, అన్నీ ముందు మన జేబులోంచి పెట్టుకోవాలి. టికెట్ చవగ్గా దొరికిన చోట కొందామన్నా కుదరదు. ప్రభుత్వ ఖర్చు మీద ఎక్కే విమానానికి 2022 నుంచి బాల్మర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడు ప్రభుత్వ సంస్థల్లో ఒకదాని ద్వారానే టికెట్ కొనాలి. పీహెచ్‌డీలో నాకొచ్చే సీనియర్ ఫెలోషిప్ నెలకు 42,000, పైన ఇంటద్దె. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అది నెలనెలా పడదు, నాలుగైదు నెలలది ఒకేసారి పడుతుంది. అప్పటిదాకా పీజీ ఆంటీకి నచ్చజెప్పుకోవాలి.

చివరికి అమ్మ చీటీ పాడింది. తెలిసినవాళ్ళ దగ్గర వేస్తున్న రెండు లక్షల చీటీ, ఇంకా సగం నెలలు కూడా కాలేదు. అంత ముందుగా పాడితే బాగా తగ్గించుకుని పాడాలి. "చదువుకే కదా, పోనీలే" అంది. ఆ తగ్గించుకున్న మొత్తం రాయడానికి రీయింబర్స్‌మెంట్ ఫారంలో గడి లేదు. నన్నడిగితే, ఈ పద్ధతిలో ట్రావెల్ అవార్డు అంటే చేతిలో డబ్బున్నవాళ్ళకు ఇచ్చే డిస్కౌంట్. మా ల్యాబ్‌లోనే నాకంటే ముందు ఒకతను అవార్డు వచ్చి కూడా వెళ్ళలేకపోయాడు.

వీసా కోసం రాత్రి బస్సులో చెన్నై వెళ్ళి, జెమిని ఫ్లైఓవర్ దగ్గరున్న కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగించుకొచ్చాను. పడిన టెన్షన్‌కి అక్కడ అడిగింది చాలా తక్కువ. పోస్టర్‌ని గుడ్డ మీద ప్రింట్ చేయించి సూట్‌కేసులో మడిచి పెట్టేశాను, ట్యూబు మోసే బాధ లేకుండా.

ఎలుకల బాధ్యత మా జూనియర్ తీసుకుంది, ఒంగోలమ్మాయి. వెళ్ళేముందు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. "అక్కా, దీనిది చేతికి దొరకట్లేదు" అని మొదట్లో కంగారు పడేది. ఖాళీ చేసిన ప్రతిసారీ టైము, ఎంత వచ్చింది, రంగు ఎలా ఉంది, రక్తం పడిందా అని పుస్తకంలో రాయాలి. అది సంరక్షణ రికార్డు, జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అడిగితే చూపించేది. ఆ పుస్తకానికి అంతకుమించి పని ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పోస్టర్ల హాల్లో చాలాసేపు నా దగ్గరికి ఎవరూ రాలేదు. తర్వాత ఒకావిడ వచ్చి, "మీ ఎలుకలన్నీ ఆడవే ఎందుకు?" అంది. ఆడవాటికి మూత్రమార్గం పొట్టి, నొక్కి ఖాళీ చేయడం తేలిక, ఇన్ఫెక్షన్లు తక్కువ, అందుకే ఈ రంగంలో చాలామంది వాటినే వాడతారని చెప్పాను. "మనుషుల్లో వెన్నుపాము దెబ్బలు ఎక్కువగా మగవాళ్ళకే కదా" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వీల్‌చెయిర్‌లో ఒకాయన వచ్చారు. శాస్త్రవేత్త కారు, వెన్నుపాము దెబ్బతో బతుకుతున్న మనిషి. పోస్టర్ మొత్తం ఓపిగ్గా చదివి, "నడకకు ఇన్ని మార్కులు పెట్టారు. మరి మూత్రాశయం?" అని అడిగారు. కిమ్ ఆండర్సన్ 2004లో ప్రచురించిన సర్వే గురించి కూడా ఆయనే చెప్పారు. ఏది తిరిగొస్తే జీవితం బాగుపడుతుందని 681 మందిని అడిగితే, కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళు చేతుల పట్టుకు మొదటి స్థానం ఇచ్చారు, కాళ్ళు మాత్రమే పడిపోయినవాళ్ళు లైంగిక జీవితానికి ఇచ్చారు. మూత్రం, మలం మీద అదుపు ఇద్దరికీ ముఖ్యమే. నడక ఈ రెండు గుంపుల్లో దేనికీ మొదటి స్థానంలో లేదు. "మేం మూత్రం సంగతి రోజూ రాస్తాం, కాకపోతే వేరే పుస్తకంలో" అన్నాను. "ఆ పుస్తకం తెరవండి" అన్నారాయన.

హోటల్‌కి వచ్చి జూనియర్‌కి ఫోన్ చేస్తే, బెంగళూరులో పొద్దున పూట అయింది, చేతిలో ఎలుక ఉంది. "ఆ పుస్తకంలో మొదటి పేజీ నుంచి ఫొటోలు తీసి పంపు" అంటే, "ఏమైందక్కా, ఎథిక్స్ వాళ్ళు అడిగారా?" అని భయపడింది. ఏ ఎలుకకు ఎన్నో రోజున మూత్రం మళ్ళీ దానంతటది రావడం మొదలైందో అందులో పూటపూటకీ ఉంది. రెండు గుంపుల మధ్య తేడా ఉందా అన్న లెక్కలు ఇంకా నడుస్తున్నాయి. థీసిస్‌లో మాత్రం దానికి ఒక అధ్యాయం ఖాయమైంది.

అవార్డు డబ్బు డాలర్ల చెక్కుగా ఇచ్చారు. దాన్ని చూసి మా బ్యాంకు గుమాస్తా పై ఆఫీసర్ని పిలిచాడు, ఆయన ఇంకొకర్ని పిలిచాడు. కలెక్షన్‌కి వెళ్ళి, ఛార్జీలు పోను డబ్బు పడేసరికి సదస్సు సంగతి అందరూ మర్చిపోయారు. గ్రాంటు డబ్బు ఇంకా తర్వాత. బోర్డింగ్ పాసులు పారేయకండి, అవి లేకపోతే ఫైలు కదలదు.

ఈ ఏడాది మా జూనియర్ పోస్టర్ ఢిల్లీ సదస్సుకు ఎంపికైంది. ఈసారి మా గైడ్ ముందే అడ్వాన్స్ కోసం లెటర్ పెట్టారు. స్టూడెంట్లకు అడ్వాన్స్ ఇచ్చే అలవాటు లేదన్నారు అకౌంట్స్ వాళ్ళు. ఇవ్వకూడదని ఏ రూల్లో ఉందో చూపించమని ఆయన అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎవరూ చూపించలేకపోయారు. ఖర్చులో చాలావరకు ముందే ఇచ్చారు, ఆ అమ్మాయి టికెట్ ఆ డబ్బుతోనే కొనుక్కుంది.