ఘాట్ మెట్టు అతుకు దగ్గర తెగింది

మంగళవారం. ఇవాళంతా ఒకటే పని: రాజమహేంద్రవరం పుష్కర్ ఘాట్ పనోరమా, అంటే పక్కపక్క ఫోటోలు అతికి చేసే వెడల్పాటి ఫోటో. కెమెరా నిలువుగా, 35 ఎంఎం లెన్సు, 20 డిగ్రీలకొకటి చొప్పున 4 ఫోటోలు. మొత్తం వెడల్పు 98 డిగ్రీలు. ఫోటోలు అతికే సాఫ్ట్‌వేర్ హగిన్ తనంతట తానే పాయింట్లు (రెండు ఫోటోల్లోనూ కనిపించే ఒకే చోటుకు పెట్టే గుర్తులు) వెతికి అతికింది. చిన్నగా చూస్తే లోపం కనబడదు. వంద శాతానికి పెంచితే, రెండో ఫోటో మూడో ఫోటో కలిసేచోట మెట్టు అంచు తెగి 6 పిక్సెళ్లు కిందికి దిగింది. దూరంగా ఉన్న ఆర్చి వంతెన మాత్రం చక్కగా కలిసింది.

మెట్టు అంచు పొడుగునా ఒకేలా ఉంటుంది. ఈ ఫోటోలోని చోటు ఆ ఫోటోలో ఎక్కడో చెప్పడానికి ఒక పగులో మరకో ఉండాలి. అవేవీ లేనప్పుడు పాయింటు అంచు వెంట పక్కకు జారిపోతుంది, ఆ తప్పు మిగతా ఫోటోలనీ లాగేస్తుంది. అందుకే ముందు ఎఫ్3 నొక్కి పాయింట్ల పట్టిక తెరిచి, నీటి అలల మీదవీ పడవల మీదవీ మబ్బుల మీదవీ తీసేయాలి. మెట్ల మీద పడ్డవి కూడా.

తర్వాత నిలువు గీతలు. పాయింట్లు పెట్టే కిటికీలో రెండు వైపులా ఒకే ఫోటో తెరిచి, వంతెన స్తంభం అంచున పైన ఒకటి, కింద ఒకటి గుర్తు పెట్టాలి. ఇలాంటివి కనీసం రెండు, పనోరమాలో ఒకదానికొకటి దూరంగా ఉండాలి. దీపస్తంభాలను నమ్మకూడదు, చాలావరకు ఒరిగే ఉంటాయి. అవతలి గట్టునో వంతెననో అడ్డగీతగా గుర్తించడం ఇంకా పెద్ద పొరపాటు: అవి మనకు ఏటవాలుగా దూరమవుతూ పోతాయి, గోదావరి మొత్తం ఒక పక్కకి వాలిపోతుంది. అడ్డగీత సముద్రపు క్షితిజానికే పనికొస్తుంది.

ఇక మెట్టు. పాయింటు రకం దగ్గర ‘యాడ్ న్యూ లైన్’ ఎంచుకుని, రెండో ఫోటోలో అంచు మీద ఒక చోట, మూడో ఫోటోలో అదే అంచు మీద ఎక్కడైనా ఒక చోట నొక్కాలి. రెండూ ఒకే బిందువు కానక్కర్లేదు, ఇందులో ఉన్న సుఖమే అది. ఒక జత చాలదు. ఏ రెండు బిందువులైనా ఒక గీత మీదే ఉంటాయి కదా! ఒక్కో అంచుకు నాలుగు జతలు పెడితే నిలబడింది. అవుట్‌పుట్ ప్రొజెక్షన్ (దృశ్యాన్ని చదునుగా పరిచే పద్ధతి) తిన్నని గీతలను తిన్నగానే ఉంచే రెక్టిలీనియర్‌లోనే ఉండాలి. స్తూపం మీద పరిచినట్టుండే సిలిండ్రికల్‌లో మెట్లు సహజంగానే వంగుతాయి, వాటిని తిన్నగా లాగబోతే ఫోటోలు చెదిరిపోతాయి. రెక్టిలీనియర్‌లో 98 డిగ్రీలకు చివరి అంచులు అడ్డంగా రెండు రెట్లకు పైగా సాగుతాయి. మెట్లకు అది ఫర్వాలేదు, మనుషులుంటే బాగుండదు.

ఆప్టిమైజ్ చేసేటప్పుడు, అంటే పాయింట్లు కలిసేలా ఫోటోలను సర్దేటప్పుడు, ముందు యా, పిచ్, రోల్ (ఫోటో పక్కకు, పైకీ కిందికీ తిరగడం, ఒరగడం). ఆ తర్వాతే లెన్సు వంపును సరిచేసే ఎ, బి, సి అంకెల్లో బి ఒక్కటి. ఎ, సి కూడా వదిలితే అంచు అలలా తిరుగుతుంది.

సగటు తేడా ఒక పిక్సెల్ లోపుకి వచ్చింది. కాళ్ల దగ్గరి మొదటి మెట్టు మాత్రం ఇంకా కలవలేదు. కెమెరా లెన్సు చుట్టూ కాక చేతిలో తిరిగితే దగ్గరి వస్తువు జరుగుతుంది, ఏ గీతా దాన్ని సరిచేయదు. మూడో ఫోటోలో ఆ మెట్టుకు మాస్కు గీస్తే (ఆ భాగాన్ని వాడొద్దని గుర్తు పెడితే) అతుకు పక్కకు జరిగి, రాయి మీది తడి మరకలో కలిసిపోయింది.