వెనుదిరగడానికి ఎన్ని మాటలు

1978లో నేను తిరుపతిలోని మన పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతుండగా, చిత్తూరులో జరగబోయే ఇంగ్లీషు వక్తృత్వ పోటీకి నా పేరు పంపారు. పోటీ ఇంకా నాలుగు రోజులుందనగా నేను మా ఇంగ్లీషు అయ్యవారికి ఒక చీటీ రాసి, అందులో 'ఐ రిట్రీట్ ఫ్రం ద కాంపిటీషన్' అన్నాను. నిఘంటువులో 'వెనుకకు మరలుట' అన్న అర్థం చూసి ఏరుకున్న మాట అది. అయ్యవారు కోప్పడలేదు. ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి చీటీని జేబులో పెట్టుకున్నారు. మరునాడు ఎవరి పేరూ ఎత్తకుండా, పీరియడంతా ఆ మాటనూ దాని బంధువర్గాన్నీ మాకు పరిచయం చేశారు. ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ పీరియడే.

"రిట్రీట్ చేసేది సైన్యం" అని మొదలుపెట్టి, చంద్రగిరి కోట చూసినవాళ్లను చేతులెత్తమన్నారు. ఊరికి అంత దగ్గరలో ఉన్న కోటను చూడనివాళ్లెవరు? 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలిన తరువాత రాజవంశం పెనుకొండకు చేరిందనీ, 1592 ప్రాంతంలో వెంకటపతి రాయల కాలంలో రాజధాని చంద్రగిరికి మారిందనీ చెప్పి, చెల్లాచెదురై పారిపోవడం వేరు, మిగిలిన బలగాన్ని నిలుపుకుంటూ మరో కోట చేరడం వేరు, ఈ రెండోదానికే ఆ మాట తగునన్నారు. అంతవరకూ నేను చంద్రగిరి రాజమహలును వైభవానికి గుర్తుగానే చూశాను. వెనక్కి తగ్గిన ఒక రాజ్యం ఊపిరి పీల్చుకున్న చోటుగా చూడడం ఆ రోజే మొదలైంది. అదే మాటకు విడిది అన్న అర్థం కూడా ఉందనీ, ఎండలు పడలేక మదనపల్లె దగ్గరి కొండ మీద ఇల్లు కట్టుకున్న కడప కలెక్టరు హార్స్‌లీకి ఆ కొండ అలాంటిదేననీ అన్నారు.

తరువాత మాటల పుట్టుకలోకి వెళ్లారు. రిట్రీట్‌కు మూలమైన లాటిన్ ధాతువుకు లాగడమని అర్థం. ట్రాక్టరు పుట్టింది కూడా దానినుంచే. రిటైర్ ఫ్రెంచి నుంచి వచ్చింది, అక్కడా లాగడమే. విత్‌డ్రాలోని 'డ్రా' అంటే లాగడమని మాకు తెలుసు కానీ, దాని ముందున్న 'విత్'కు పాత ఇంగ్లీషులో 'ఎదురుగా' అన్న అర్థం ఉండేదని, అందుకే ఎదురొడ్డి నిలవడాన్ని విత్‌స్టాండ్ అంటారని తెలిసినప్పుడు తరగతిలో చిన్న కలకలం రేగింది. రిసీడ్ మాత్రం నడకకు చెందినది. స్వర్ణముఖి వరద తీసినప్పుడు వాడవలసిన మాట అదేనని చెప్పి ముందుకు సాగారు.

ఆయన ఎక్కువసేపు నిలిచింది 'బ్యాక్' చేరిన మూడు క్రియల దగ్గర. బ్యాక్ ఆఫ్ అంటే మీద మీదకు వెళ్తున్నవాడు కాస్త దూరం జరగడం. బ్యాక్ డౌన్ అంటే పట్టిన పంతం సడలించడం. దాని పక్కనే క్లైంబ్ డౌన్ రాసి, దీన్ని మీ అమ్మ 'దిగొచ్చాడు' అంటుంది చూడండి, రెండు భాషలూ ఒకే మెట్లు దిగాయి అన్నారు. బ్యాక్ అవుట్ అంటే ఒప్పుకున్న పనినుంచి తప్పుకోవడం. ఈ మూడోదాన్ని వివరించేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు అంత బరువుగా అనిపించేది కాదు.

చివరికి విత్‌డ్రాను తీసుకుని, దీనికి సాటి అయిన మాట మన భారతంలోనే ఉందన్నారు. బ్రహ్మాస్త్రాలు ఎదురెదురుగా నిలిచినప్పుడు అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు. కనుక ఉపసంహారం బలహీనుడి పని కాదు, ప్రయోగించిన చేతికే ఉండవలసిన విద్య. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ సహాయ నిరాకరణను ఆపివేసినప్పుడు ఇంగ్లీషులో ఈ క్రియనే వాడతారనీ, ఉద్యమాన్ని నడిపినవాడే ఆపాడు కనుక అది సరిపోతుందనీ అన్నారు. ఎన్నో ఏళ్ల తరువాత రెవెన్యూ శాఖలో ఎన్నికల పని చేస్తూ నామినేషన్ల ఉపసంహరణ పత్రాలు అందుకునేటప్పుడు ప్రతిసారీ నాకు ఆయన గొంతు వినిపించేది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 37వ సెక్షన్ ప్రకారం గడువు రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు ఆ నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక రద్దు చేసుకోవడానికి వీల్లేదు. సంతకం పెట్టబోతూ కలం ఆపి ఆలోచించే అభ్యర్థిని నేను ఎన్నడూ తొందరపెట్టలేదు.

ఆ సాయంత్రం అయ్యవారు నన్ను స్టాఫ్ రూముకు పిలిచి, చీటీ తిరిగి ఇచ్చి, "నాయనా, ఇన్ని మాటలు చెప్పినా గదా, ఇందులో నీది ఏదో నువ్వే రాసుకొని రా" అన్నారు. నాకు జబ్బు లేదు, ఇంట్లో ఇబ్బంది లేదు. నెల ముందు సరేనన్న పోటీకి భయంతో రానంటున్నాను. వరండాలో చాలాసేపు నిలబడి, ఎర్ర సున్నలోని మాట కొట్టేసి, దాని పైన 'బ్యాక్ అవుట్' అని రాసి ఇచ్చాను. ఆయన చదివి, "ఇంగ్లీషు సరిగ్గా ఉండాది" అని సంతకం చేశారు. పోటీకి నాకు బదులు మా బెంచీలోని మరో అబ్బాయిని పంపుతున్నామనీ, నేను కూడా చిత్తూరు రావాలనీ చెప్పారు.

అతనికి నేను కంఠస్థం చేసిన ప్రసంగమే ఇచ్చారు. మూడు రోజులూ బడి వదిలాక కోనేటి మెట్ల మీద కూర్చుని నేను చదువుతుంటే అతను అప్పజెప్పేవాడు. పోటీనాడు అయ్యవారు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ప్రసంగం సగంలో అతను ఒక వాక్యం దగ్గర ఆగి నా వైపు చూశాడు. ఆ వాక్యంలోని మొదటి మాటను పెదవులతో అందించాను.