పెన్నుతో కొట్టేసిన పేర్లు

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు.

అల్మారా సర్దుదామని కూర్చున్నాను. నేను సర్దడమంటే అన్నీ బయటికి లాగి, చుట్టూ పరుచుకుని, చేతికి దొరికింది చదువుతూ ఉండిపోవడమే. ఇవాళ దొరికింది 2004 నాటి రూళ్ల నోటుబుక్కు. సగం లెక్కలు, సగం పిచ్చిగీతలు. ఆఖరి పేజీలో మాత్రం స్కేలు పెట్టి గీతలు గీసి, "చూడాల్సిన స్టేడియాలు" అని శీర్షిక పెట్టుకున్నాను. ఫుట్‌బాల్ జట్టుకి పదకొండు మంది కదా, అందుకని పదకొండు అంకెలు వేశాను. పేర్లు రాసింది పదే. పదకొండోది ఎందుకు ఖాళీగా వదిలేశానో గుర్తులేదు.

ఇన్నేళ్లలో చూసింది సున్నా. సరే, చూడకపోతే చూడకపోయాను, అసలు ఎన్ని మిగిలాయో లెక్కేద్దామని పెన్ను తీశాను.

మొదటిది లండన్‌లోని వెంబ్లీ. పక్కన జంట గోపురాల బొమ్మ కూడా వేశాను పాపం. నేను ఆ బొమ్మ వేసేనాటికే గోపురాలు లేవు, 2003లోనే కూల్చేశారు. ఆ సంగతి తెలియకుండానే రంగులు కూడా దిద్దాను! 1923లో అక్కడ జరిగిన మొదటి ఎఫ్.ఏ. కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల పోటీ) ఫైనల్ గురించి చదివి ఆ స్టేడియం మీద మనసు పడ్డాను. లెక్క ప్రకారం వచ్చింది 1,26,047 మంది. గోడలు దూకి వచ్చినవాళ్లు వేరే. జనం మైదానంలోకి పొంగిపోతే, బిల్లీ అనే గుర్రం మీద ఒక పోలీసాయన మెల్లగా తోసుకుంటూ గీతల అవతలికి పంపించాడట. 2007లో తెరిచిన కొత్త వెంబ్లీ ఉంది, 133 మీటర్ల ఎత్తు ఆర్చితో. బాగుంటుంది. కానీ నేను రాసుకున్నది దాన్ని కాదు. కొట్టేశాను.

హైబరీ, లండన్‌లో ఆర్సెనల్ క్లబ్బు పాత ఇల్లు. 2006 మే 7న ఆఖరి మ్యాచ్. ఆ జట్టు ఆటగాడు థియెరీ ఆన్రీ మూడు గోల్స్ కొట్టి, మూడోది పెనాల్టీ వేశాక మోకాళ్ల మీద వంగి గడ్డిని ముద్దు పెట్టుకున్నాడు. ఇప్పుడక్కడ ఫ్లాట్లు. గడ్డి ఉన్నచోట తోట పెంచారు. లండన్‌లోనే వెస్ట్ హామ్ క్లబ్బు మైదానం అప్టన్ పార్క్ కూడా అంతే, 2016లో మూసేసి ఇళ్లు కట్టారు. ఫుట్‌బాల్ మైదానాలు పోయి ఎక్కువగా అపార్ట్‌మెంట్లుగానే పుడతాయేమో. ఆ బాల్కనీలో బట్టలారేసుకునేవాళ్లకి, తాము ఒకప్పటి పెనాల్టీ బాక్సు మీద నిలబడ్డామేమోనని ఎప్పుడైనా అనిపిస్తుందా?

మాడ్రిడ్‌లోని విసెంతె కాల్దెరోన్‌ని లిస్టులో ఎందుకు పెట్టానో మాత్రం బాగా గుర్తుంది. నది పక్కన కట్టిన ఆ స్టేడియంలో ప్రధాన గ్యాలరీ కింద నుంచి హైవే వెళ్లేది. పైన జనం అరుస్తుంటే కింద కార్లు. 2020లో దాన్ని పడగొడుతున్నప్పుడు ఆ హైవేని కొన్నాళ్లు మైదానం ఉన్న చోటు మీదుగానే మళ్లించారు. ఆ వీడియో చూసినప్పుడు చాలాసేపు ఏమీ తోచలేదు.

బ్రెజిల్‌లో, రియో నగరంలోని మారకానా దగ్గర పెన్ను ఆగింది. స్టేడియం ఉంది, పేరు ఉంది. కానీ 1950 జులై 16న ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ ఓడిపోయిన మారకానా అదేనా? డ్రా అయినా ప్రపంచ కప్పు బ్రెజిల్‌దే. మొదటి గోలూ వాళ్లదే. తర్వాత ఉరుగ్వే ఒకటి కొట్టింది, ఆపైన అల్సిడెస్ గిజ్జా రెండోది కొట్టాడు. టికెట్లు కొన్నవాళ్లే లక్షా డెబ్భై వేలకు పైగా. అంతమంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో ఊహకందదు. మారకానాను నిశ్శబ్దం చేసింది ముగ్గురేనని గిజ్జా తర్వాత అనేవాడట: పోప్, ఫ్రాంక్ సినాట్రా, తను. బీదాబిక్కీ నిలబడి చూసే "జెరాల్" భాగాన్ని 2005లో తీసేశారు. 2014 ప్రపంచ కప్‌కి లోపలంతా మార్చేశారు, ఇప్పుడు పట్టేది 80 వేలలోపే. పేరు మీద సగం దాకా గీత గీసి వదిలేశాను. నాకే నవ్వొచ్చింది, సగం కొట్టివేత ఏంటని.

ఇటలీలోని మిలాన్ నగరంలో శాన్ సీరో ఇంకా ఉంది. కానీ అక్కడ ఆడే ఏసీ మిలాన్, ఇంటర్ క్లబ్బులు రెండూ కలిసి పక్కనే కొత్తది కట్టుకుని దీన్ని చాలావరకు పడగొట్టాలనుకుంటున్నాయి. దాని బయట స్ప్రింగులా చుట్టుకుంటూ పైకి వెళ్లే ర్యాంపులు ఉంటాయి. మ్యాచ్‌కి ముందు వేలమంది వాటి మీద నడుస్తుంటే దూరం నుంచి చూసేవాళ్లకి భవనమే మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తుందట. నాకు కావలసింది అదే. లోపలి ఆట టీవీలో చూడొచ్చు, ఆ ర్యాంపుల మీద నడవడం టీవీలో కుదరదు కదా.

బొంబొనేరా, డార్ట్‌మండ్ భద్రం. బొంబొనేరా బ్యూనస్ ఐరిస్‌లో బోకా జూనియర్స్ క్లబ్బుది. అక్కడ స్థలం చాలక ఒక పక్కని దాదాపు నిటారు గోడలా లేపేశారు, మిగతా మూడు వైపులా బాగా ఏటవాలు గ్యాలరీలు. జనం గెంతుతుంటే కాంక్రీటు కదులుతుంది. అది వణకడం కాదు, గుండె కొట్టుకోవడమని బోకా వాళ్లంటారు. జర్మనీలోని డార్ట్‌మండ్‌లో దక్షిణం వైపు 24,454 మంది నిలబడే చూస్తారు. ఆ పసుపు జెర్సీల గోడ మధ్యలో నిలబడితే నా ఎత్తుకి ఆట కనిపించదని తెలుసు. అయినా అక్కడే నిలబడాలి.

పదోది టెహ్రాన్‌లోని ఆజాదీ. పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టాను. ఆడవాళ్లని రానివ్వరని అప్పటికే ఎక్కడో చదివాను మరి. 2019 అక్టోబర్ 10న, దశాబ్దాల తర్వాత, టికెట్ కొనుక్కుని లోపలికి వచ్చిన ఆ కొన్ని వేలమందిని చూశాక ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. కంబోడియా మీద ఇరాన్ 14-0తో గెలిచింది. స్కోరు ఎవరు చూశారు, కెమెరా ఎప్పుడు ఆ గ్యాలరీ వైపు తిరుగుతుందా అని ఎదురుచూడటమే సరిపోయింది. ప్రశ్నార్థకం మాత్రం తీసేయలేదు.

ఇక తొమ్మిదోది గుడిసన్ పార్క్. లివర్‌పూల్‌లో ఎవర్టన్ ఇల్లు, 1892 నుంచి. ఒక మూల చర్చి ఉంటుంది, స్టేడియంలోకి చొచ్చుకువచ్చినట్టు. 2025 మేలో అక్కడ ఆఖరి మ్యాచ్ ఆడేసి జట్టు రేవు దగ్గర కట్టుకున్న కొత్త స్టేడియానికి వెళ్లిపోయింది. ఇంకేముంది, ఇదీ ఫ్లాట్లే అనుకుని అడ్డంగా రెండు గీతలు కొట్టి, పేజీ ఫొటో తీసి తమ్ముడికి పంపాను.

వెంటనే ఫోన్. "అక్కా, ఇది లిస్టు కాదు, శ్రద్ధాంజలి ప్రకటన!"

"నవ్వకు. నీ వల్లే ఇలా అయింది. ఉద్యోగం రానీ, ఇద్దరం వెళ్దాం అన్నావు."

"వచ్చి పన్నెండేళ్లయింది, ఒప్పుకుంటున్నా. అది సరే, గుడిసన్ ఎందుకు కొట్టేశావ్? అది కూల్చట్లేదు. ఆడవాళ్ల జట్టుకి ఇచ్చేశారు. నీకు తెలీదా?"

తెలీదు. కూల్చేస్తారన్న పాత వార్త దగ్గరే నేను ఆగిపోయాను. వాడు చెప్తుంటే నాకు ఆ మైదానం గురించే ఇంకోటి గుర్తొచ్చింది. 1920 డిసెంబర్ 26న అక్కడ "డిక్, కెర్ లేడీస్" అనే ఆడవాళ్ల జట్టు ఆడింది. ప్రెస్టన్‌లో ఫ్యాక్టరీ పని చేసుకునే అమ్మాయిలు. చూడటానికి వచ్చింది 53 వేలమంది, చోటు దొరక్క బయటి నుంచే వెనక్కి పోయినవాళ్లు వేలల్లో. ఏడాది తిరక్కుండానే, ఫుట్‌బాల్ ఆడవాళ్లకి తగదంటూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లోకి వాళ్లని రాకుండా నిషేధించింది. అది ఎత్తేసేసరికి దాదాపు 50 ఏళ్లు గడిచాయి.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాన్రా. టికెట్లు ఎలా ఇస్తారో చూడు."

"పెద్ద స్టేడియం, నిండదులే, ఎప్పుడైనా దొరుకుతాయి."

"53 వేలమంది వచ్చిన చోటురా అది."

వాడికి అర్థం కాలేదు. తర్వాత చెప్తానని ఫోన్ పెట్టేశాను.

పెన్నుతో కొట్టిన గీత ఎలాగూ పోదు. పదకొండో అంకె పక్కన ఖాళీ ఉంది కదా, అక్కడ మళ్లీ రాశాను: గుడిసన్ పార్క్. అక్షరాలు అప్పటికన్నా వంకరగా వచ్చాయి. అల్మారా మాత్రం ఇంకా సగం బయటే ఉంది.