దక్షిణాఫ్రికా యాపిల్, బేరి: టన్నులు కాదు, పెట్టెలు లెక్కపెట్టండి

దక్షిణాఫ్రికా పండ్ల అంచనాలు బయటికొస్తే అందరూ మొదట చూసేది మొత్తం టన్నులే. యాపిల్ కాపు 12 లక్షల టన్నులు దాటిన మాట నిజమే. అందులో ఓడెక్కేది సగానికి కాస్త అటూ ఇటూ. మూడో వంతుకు దగ్గరగా జ్యూస్ ఫ్యాక్టరీకి పోతుంది, మిగతాది అక్కడి బజార్లకే. ఎగుమతి సంగతి తెలియాలంటే 12.5 కిలోల పెట్టెలు ఎన్ని కడుతున్నారో చూడాలి.

విస్తీర్ణం పెద్దగా పెరగలేదు. యాపిల్ సుమారు 25 వేల హెక్టార్లు, బేరి అందులో సగం. పాత చెట్లు పీకేసి దగ్గర దగ్గరగా నాటడం వల్ల, రంగు బాగా తిరిగే గాలా, ఫ్యూజీ రకాల వల్ల దిగుబడి పెరిగింది.

ఎగుమతి పెట్టెలు తగ్గడం చలికాలంలోనే మొదలవుతుంది. పశ్చిమ కేప్ రాష్ట్రంలో కొండల నడుమ ఉన్న సెరెస్‌లో మొగ్గకు కావలసినంత చలి దొరుకుతుంది. సముద్రానికి దగ్గరైన ఎల్గిన్, గ్రబౌలో అంత ఉండదు. మే నుంచి ఆగస్టు దాకా సాగే అక్కడి చలికాలం వెచ్చగా గడిస్తే మొగ్గలు ఒక్కసారి విచ్చుకోవు. ఒకే కొమ్మ మీద పిందె, పూత రెండూ కనిపిస్తాయి. కోతకొచ్చేసరికి సైజులు కలవవు, ఒకే చెట్టును నాలుగుసార్లు తిరగాలి. అందుకే మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకునేలా మినరల్ ఆయిల్‌లో హైడ్రోజన్ సయనమైడ్ అనే మందు కలిపి పిచికారీ చేస్తారు. మొగ్గ పచ్చబడ్డాక కొడితే మాత్రం మొగ్గే మాడిపోతుంది.

తర్వాత ఎండ. తొక్క వేడి 46 డిగ్రీలు దాటితే పండు పసుపు, గోధుమరంగుకు తిరుగుతుంది; 52 దగ్గర కణాలే చచ్చిపోతాయి. ఆకుపచ్చగా ఉండే గ్రానీ స్మిత్ యాపిల్ మీద మచ్చ దాగదు, నేరుగా జ్యూస్‌కే. తోటపై నీడ వలలు వేసినవాళ్లకు పెట్టుబడి ఎక్కువే, కానీ పెట్టెల లెక్కలో తేడా అక్కడే తెలుస్తుంది.

బేరిలో ఫోరెల్ అనే రకానిది వేరే తంతు. కోసిన వెంటనే పంపితే సమంగా పండదు, కండ పిండిపిండిగా ఉంటుంది. మామూలుగా మైనస్ 0.5 డిగ్రీల దగ్గర 12 వారాలు కోల్డ్ స్టోరేజ్‌లో ఉంచుతారు. అన్నాళ్లూ కరెంటు ఖర్చు తప్పదు. 2022, 2023ల్లో కరెంటు కోతలు ముదిరినప్పుడు డీజిల్ జనరేటర్లే లాభం మింగాయి.

కేప్‌టౌన్ రేవులో వేసవి ఆగ్నేయ గాలి మరో బెడద. గాలి హద్దు దాటితే క్రేన్లు ఆపేస్తారు. దెబ్బ ఎక్కువగా ప్లమ్స్, ముందుగా కోసే విలియమ్స్ బేరికి. ఆలస్యంగా కోతకొచ్చే యాపిల్ చాలావరకు తప్పించుకుంటుంది. 2025 ఆగస్టులో అమెరికా వేసిన 30 శాతం సుంకం కన్నా నా లెక్కలో ఈ గాలే పెద్ద విషయం, యాపిల్‌కు అమెరికా చిన్న బజారే మరి.

భారత్ సంగతి వేరు. దిగుమతి సుంకం 50 శాతం. పైగా 2023 మే నుంచి, సరుకు, బీమా, రవాణా కలిపి కిలో 50 రూపాయల లోపు పడే యాపిల్‌కు ప్రవేశం లేదు, ఒక్క భూటాన్‌కే మినహాయింపు. అంటే చౌక రకం చిన్న కాయ ఇటు వచ్చే వీల్లేదు. హిమాచల్ పంట దిగకముందు, ఏప్రిల్ నుంచి జులై దాకా హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్లో వేలానికొచ్చే దక్షిణాఫ్రికా గాలా ఆ ధర దాటిన సరుకే.