ముల్లంగి పెట్టెలో దొరికిన బిడ్డ

పోయిన వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి అమెరికాలోని ఎడిసన్‌కు వచ్చి మాతో ఉన్న నెలల్లో, ఆమే పిల్లలూ కలిసి కూర్చుని చూడగలిగే సినిమా ఒక్కటీ దొరికేది కాదు. తెలుగు సినిమాలో మాటలు పిల్లలకు సగమే అందుతాయి. ఇంగ్లిష్ సినిమాలో అమ్మకు ఆ సగం కూడా అందదు. చివరికి ఎనిమిదేళ్ళ మా అబ్బాయి పట్టుబట్టి, 2011లో వచ్చిన కుంగ్ ఫూ పాండా రెండో భాగాన్ని పెట్టించాడు. అందులో వీరులందరూ జంతువులే కాబట్టి మాటలు తెలియకపోయినా కథ తెలుస్తుందని వాడి వాదన. నేను పక్కన కూర్చుని, అవసరమైన చోట అమ్మకు తెలుగులో చెప్పాలన్నది ఒప్పందం.

సినిమా మొదలవుతూనే నీడబొమ్మల పద్ధతిలో పాత కథ ఒకటి చెబుతారు. అది చూసి అమ్మ, "ఇదేమిట్రా, మన తోలుబొమ్మలాటలా ఉందే" అంది. చైనాకూ అలాంటి నీడబొమ్మల సంప్రదాయం ఉంది గనుక ఆమె పోలిక తప్పేమీ కాదు. షెన్ అనే నెమలి రాజకుమారుడికి, నలుపు తెలుపుల యోధుడొకడి చేతిలో అతడు ఓడిపోతాడని సోదె చెప్పే ముసలి మేక ముందే చెబుతుంది. అది విన్న షెన్ తోడేళ్ళను వెంటబెట్టుకుని పాండాల ఊరి మీద పడతాడు. ఒక తల్లి తన బిడ్డను ముల్లంగి పెట్టెలో దాచి, తోడేళ్ళను తన వెంట మరో దిక్కుకు మళ్ళిస్తుంది. ఆ పెట్టె ఎక్కడో దూరాన నూడుల్స్ అంగడి నడుపుకునే ఒక బాతు ఇంటికి కూరగాయలతో పాటు చేరుతుంది. ఆ బిడ్డే ఈ సినిమా కథానాయకుడు, 'పో' అనే పాండా. ఇదంతా సినిమాలో ముక్కలు ముక్కలుగా, కలలుగా, చాలా సేపటి తరువాత గానీ పూర్తిగా తెలియదు. అమ్మ మాత్రం అంతవరకు ఆగలేదు. మేక జోస్యం, పసివాడి పెట్టె కనిపించగానే, "ఇది మన కృష్ణుడి కథే కదే! ఆ నెమలి కంసుడు, ఆ బాతు యశోద" అని తేల్చేసింది. మా అబ్బాయికి ఆ ముసలి మగ బాతును యశోద అనడం ఎంత నవ్వు తెప్పించిందంటే, సినిమాను కాసేపు ఆపవలసి వచ్చింది.

2008లో వచ్చిన మొదటి భాగంలో పాండాకు బాతు తండ్రి ఎలా అయ్యాడన్న మాటను ఎవరూ ఎత్తరు. ఒకచోట ఆ బాతు, నీకు ఎప్పుడో చెప్పవలసిన సంగతి ఒకటుందని గంభీరంగా మొదలుపెట్టి, తన సూప్‌లో రహస్యమైన దినుసు ఏదీ లేదని మాత్రం చెప్పి ఊరుకుంటాడు. హాల్లో అందరమూ నవ్వాం. రెండో భాగం ఆ నవ్వు వెనక దాగిన భయాన్ని బయటికి తీస్తుంది. పెట్టె సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు, కొడుకు ఇక తనవాడు కాకుండా పోతాడేమోనని ఆ బాతు పడే బెంగ పిల్లల సినిమాలో అంత సూటిగా ఉంటుందని నేను అనుకోలేదు. దీనికి దర్శకురాలైన జెన్నిఫర్ యూ నెల్సన్ దక్షిణ కొరియాలో పుట్టి, నాలుగేళ్ళ వయసులో అమెరికాకు వచ్చిన మనిషి. ఆ కారణంగానే సినిమా ఇలా వచ్చిందని నేననను గానీ, ఆ సంగతి తెలిశాక ఆ సన్నివేశాన్ని వేరేగా చూడకుండా ఉండలేకపోయాను.

మా వంటి ఇళ్ళలో పిల్లలకు చెప్పే మూలాల కథ ఎప్పుడూ ఒక్క తీరుగానే ఉంటుంది. తాతయ్య మంచితనం, ఊళ్ళో మామిడిచెట్లు, సంక్రాంతి గొబ్బెమ్మలు, మేము కష్టపడి చదివిన చదువులు. చెప్పనివి పెట్టెలోనే ఉండిపోతాయి. నేను పెట్టెలో ఉంచినది మా నాన్న పోయిన సంగతి. ఆయన పోయారని పిల్లలకు తెలుసు. నేను వెళ్ళలేదన్నది వాళ్ళకు తెలియదు. 2021 మే నెలలో, కరోనా రెండో విడత నడుమ, నా వీసా ముద్ర గడువు తీరిపోయి ఉంది. వెళితే మళ్ళీ ముద్ర వేయించుకోవడానికి కాన్సులేట్లలో అపాయింట్‌మెంట్లు దొరకని రోజులవి. నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఇక్కడ వదిలి, ఎప్పటికి తిరిగివస్తానో తెలియకుండా బయలుదేరలేక, నాన్న దహనాన్ని ఫోనులో చూశాను.

సినిమా ముగింపులో పో తిరిగి నూడుల్స్ అంగడికి వచ్చి, తాను ఆ బాతు కొడుకునేనని చెబుతాడు. ఇద్దరూ కౌగిలించుకుంటారు. అప్పుడు మా అబ్బాయి అమ్మమ్మ వైపు తిరిగి, "కృష్ణుడు కూడా యశోద దగ్గరికి తిరిగి వెళ్ళాడా?" అని అడిగాడు.

"వెళ్ళలేదు నాన్నా. అక్రూరుడి రథమెక్కి మథురకు వెళ్ళినవాడు మళ్ళీ రేపల్లె రాలేదు. తన బదులు ఉద్ధవుణ్ణి పంపాడు."

"ఎందుకు వెళ్ళలేదు? దూరమా?"

అమ్మ జవాబు చెప్పలేదు. నా వైపు చూడలేదు కూడా, అందుకు ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నేను గిన్నెలు సర్దే నెపంతో వంటింట్లోకి వెళ్ళాను. ఆ రాత్రి వాణ్ణి పడుకోబెడుతూ నాన్న సంగతి మొత్తం చెప్పాను. వీసా అంటే ఏమిటో చెప్పడానికే సగం సేపు పట్టింది. వాడు అంతా విని, "అప్పుడు అమ్మమ్మ దగ్గర ఎవరున్నారు?" అని మాత్రం అడిగాడు. పక్కింటివాళ్ళు ఉన్నారని చెప్పాను. అది నిజం.

అమ్మ తెనాలి వెళ్ళిపోయాక ఒక ఆదివారం తనే వీడియో కాల్ చేసి, మనవడితో మాట్లాడాలంది. ఆ రోజు తను కథ సగమే చెప్పిందట. భాగవతంలో కృష్ణుడి కథ ఉన్న దశమ స్కంధం మళ్ళీ తీసి చదివిందట. చాలా ఏళ్ళ తరువాత సూర్యగ్రహణం వచ్చినప్పుడు అందరూ కురుక్షేత్రంలోని శమంతపంచకానికి స్నానాలకు వెళ్ళారని, ద్వారక నుంచి కృష్ణుడూ, రేపల్లె నుంచి నందుడూ యశోదా అక్కడికి వచ్చారని, యశోద ఆయనను ఒళ్ళోకి తీసుకుందని, దేవకీ రోహిణీ కూడా ఆమెను కౌగిలించుకున్నారని వరుసగా చెప్పింది.

"కృష్ణుడు ఆమెతో ఏమన్నాడు?" అన్నాడు వాడు.

"ఏమీ అనలేకపోయాడు నాన్నా. గొంతు పూడుకుపోయిందట."