ముత్యపు రంధ్రం చెప్పే నిజం

బరంపురంలో ఉండే మా అత్తయ్య తన పెళ్లినాటి ముత్యాల దండను మొన్న నా చేతిలో పెట్టి, ఇవి అసలువో కావో చూసిపెట్టమన్నారు.

ముత్యాన్ని పంటి అంచున మెల్లగా రుద్దితే సన్నని ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంటుంది. ముత్యపుచిప్ప స్రవించే సున్నపు పదార్థం అతి సన్నని పలకలుగా ఒకదానిపై ఒకటి పేరుకోవడమే అందుకు కారణం. గాజుపూస, ప్లాస్టిక్ పూస సాధారణంగా నున్నగా జారిపోతాయి. అయినా ఈ ఒక్క పరీక్షనే నమ్మడం మంచిది కాదు.

నాకు ఎక్కువ నమ్మకం రంధ్రం మీద. దారం వదులు చేసి, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఒక్కొక్క పూసనూ చూస్తే, మూడింటికి రంధ్రం చుట్టూ పూత పెచ్చులుగా లేచి, అడుగున గాజు మెరుస్తూ కనిపించింది. మిగిలినవాటి అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఎప్పుడో దండ తెగి మళ్లీ గుచ్చించినప్పుడు ఆ మూడూ అసలువాటిలో కలిసిపోయి ఉంటాయి. "ఆ మూడూ తీసెయ్యమ్మా, దండ పొట్టిదైనా పరవాలేదు" అన్నారు అత్తయ్య.

సాగుచేసిన ముత్యాన్ని, అంటే మనిషి పూనుకొని చిప్పలో పెంచిన ముత్యాన్ని, నకిలీ అనడం అన్యాయం. జపానులో మికిమొటో అనే ముత్యాల వ్యాపారి 1893లో సాధించినదీ, భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ మన మంచినీటి ఆలిచిప్పలతో చేస్తున్నదీ అసలు ముత్యమే. సహజమైనదో సాగుదో తేల్చాలంటే మాత్రం ఎక్స్‌రే తీయించాలి. నిప్పుతోనూ, వెనిగర్‌తోనూ పరీక్షించకండి. అసలు ముత్యమే పాడవుతుంది.